మన సొర పేరును లోకానికి చేర్చిన డాక్టరు: ప్యాట్రిక్ రస్సెల్ జీవితం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఏటా ఒక గొప్పవారి జీవితం రాయడం ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, జ్యోతిరావు ఫూలే గారి గురించి, జాషువా గారి గురించి మన సీనియర్లు ఎంతో చక్కగా రాశారు. ఈసారి ఆ పని మా నలుగురికి అప్పజెప్పారు. మాలో ఇద్దరిది సముద్రపు ఒడ్డు. ఇద్దరిది నందిగాం చుట్టుపక్కల పల్లెలు. ఎవరి గురించి రాయాలా అని చాలా రోజులు ఆలోచించాం. చివరికి మాకు ఆ మనిషిని చూపించింది ఒక చేప.

డిగ్రీలో జువాలజీ చదువుతున్న మా సీనియర్ అన్నయ్య ఒకరు పండక్కి హాస్టల్‌కి వచ్చినప్పుడు తన రికార్డు పుస్తకం చూపించారు. అందులో చేపల బొమ్మలూ, వాటి కింద శాస్త్రీయ నామాలూ ఉన్నాయి. ఒక బొమ్మ కింద రాస్ట్రెల్లిగర్ కానగుర్త అని ఉంది. ఒడ్డు ఊరి నుంచి వచ్చిన మావాడు ఆ రెండో మాట చూసి ఒక్కసారి లేచి నిలబడ్డాడు. అది వాళ్ళమ్మ గంపలో పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మే చేప పేరు. లాటిన్ భాషలో ఉండాల్సిన చోట మన కానగుర్త ఎలా వచ్చి కూర్చుంది? ఆ పేజీల్లోనే మరోచోట కార్కరైనస్ సొర్రా అని ఉంది. అది మన సొర. చేపల వాసన వస్తోందని ఒకప్పుడు బడిలో పక్కన కూర్చోనివ్వని పిల్లవాడికి, తన ఇంటి మాట సైన్సు పుస్తకంలో కనబడితే ఎలా ఉంటుందో మన హాస్టల్లో ఉన్నవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ పేర్లు అక్కడికి ఎలా చేరాయని వెతుక్కుంటూ పోతే దొరికినవారే డాక్టర్ ప్యాట్రిక్ రస్సెల్ గారు. రస్సెల్స్ వైపర్ అని పాముల పాఠంలో మనందరం చదివిన రక్తపింజరకు ఇంగ్లీషు పేరు ఈయన మీదుగా వచ్చిందే. పాము పేరు అందరికీ తెలుసు. ఆ మనిషి మన తీరంలో ఏడేళ్ళు ఉండి మన మాటలు రాసుకున్నాడని మాత్రం చాలామందికి తెలియదు.

బాల్యం, అలెప్పో రోజులు

రస్సెల్ గారు 1720ల చివర్లో స్కాట్లాండులోని ఎడింబరో నగరంలో పుట్టారు. తండ్రి న్యాయవాది. ఆ ఇంట్లో చదువుకు కొదవ లేదు. రస్సెల్ గారు ఎడింబరోలోనే వైద్యం చదివారు. ఆయన అన్నగారు అలెగ్జాండర్ రస్సెల్ అప్పటికే సిరియా దేశంలోని అలెప్పో పట్టణంలో ఇంగ్లీషు వర్తకులకు డాక్టరుగా ఉండేవారు. చదువు పూర్తయ్యాక తమ్ముడు కూడా 1750లో అక్కడికి వెళ్ళారు. 1753లో అన్నగారు స్వదేశానికి వెళ్ళిపోతే ఆ ఉద్యోగం తమ్ముడికి వచ్చింది. దాదాపు ఇరవై ఏళ్ళు ఆయన అక్కడే ఉన్నారు. అక్కడి భాష నేర్చుకున్నారు, అక్కడి మనుషులతో కలిసిపోయారు. ఆ పట్టణాన్ని ఏలే పాషా ఆయన మీద గౌరవంతో తలపాగా ధరించే హక్కు ఇచ్చాడంటారు. పరదేశి డాక్టరుకు అది చిన్న మర్యాద కాదు.

1760 నుంచి 1762 దాకా అలెప్పోలో ప్లేగు విజృంభించింది. ఆ కాలంలో ప్లేగుకు మందు లేదు. అది ఎలా వస్తుందో కూడా ఎవరికీ తెలియదు. రస్సెల్ గారు రోగులను చూసి లక్షణాలు రాసుకున్నారు. ఎవరికి ఎప్పుడు జ్వరం వచ్చింది, ఎక్కడ గడ్డ లేచింది, ఎవరు బతికారు, ఎవరు పోయారు అన్నీ ఒక్కొక్కటిగా పొందుపరిచారు. అదంతా 1791లో పెద్ద పుస్తకంగా అచ్చయింది. ఉద్దానం కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్ళు చీకటయ్యాయో మన ప్రాంతంలో పుట్టిన మనకు తెలుసు. కారణం తేలని జబ్బు ఎదురైనప్పుడు చేయాల్సిన మొదటి పని, ఇంటింటికీ వెళ్ళి అడిగి ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టడం. రస్సెల్ గారికి ఆ అలవాటు అలెప్పోలో పడింది. ఆ అలవాటే తర్వాత మన తీరంలో పనికొచ్చింది.

విశాఖపట్నం రాక

అలెప్పో వదిలి ఆయన లండన్‌లో కొంతకాలం వైద్యం చేశారు. 1777లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. అక్కడితో ఆయన జీవితం సుఖంగా గడిచిపోయేదే. కానీ ఆయన తమ్ముడు క్లాడ్ రస్సెల్‌కు ఈస్టిండియా కంపెనీ తరఫున విశాఖపట్నంలో పెద్ద అధికారి ఉద్యోగం వచ్చింది. తమ్ముడి ఆరోగ్యం బాగుండేది కాదు. ఆయనను చూసుకోవడానికి అన్నగా, డాక్టరుగా ప్యాట్రిక్ గారు కూడా ఓడెక్కి 1782లో విశాఖపట్నం చేరారు. అప్పటికి ఆయన వయస్సు యాభై దాటింది. మన ఊళ్ళలో ఆ వయస్సుకు మనవలను ఎత్తుకుని అరుగు మీద కూర్చుంటారు. ఆయన మాత్రం కొత్త దేశంలో, కొత్త భాషలో మళ్ళీ విద్యార్థి అయ్యారు.

ఆ రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ తీరమంతా ఉత్తర సర్కారుల కింద కంపెనీ చేతిలో ఉండేది. కంపెనీవాళ్ళు వచ్చింది వ్యాపారానికి, పన్నులకు. రస్సెల్ గారు కూడా ఆ కంపెనీ ఓడలోనే వచ్చారు, తర్వాత ఆ కంపెనీ జీతమే తీసుకున్నారు. ఈ మాట దాచడం మాకు ఇష్టం లేదు. అయితే ఆయన చేసిన పని ఆ లెక్కల పుస్తకాలకంటే ఎక్కువ కాలం నిలిచింది.

కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేసిన కోనిగ్ అనే ఆయన 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో కన్నుమూశారు. ఆ ఉద్యోగం రస్సెల్ గారికి ఇచ్చారు. మొక్కలు, పాములు, చేపలు ఏవి దొరికితే అవి తెప్పించి, చూసి, గీయించి, రాయడమే ఆ పని. సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ గారు మొక్కల పని చేస్తుంటే ఈయన ప్రోత్సాహం ఇచ్చారు. 1795లో అచ్చైన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథానికి ముందుమాట రాసింది రస్సెల్ గారే.

పాముల పని

ముందుగా పాముల సంగతి చెప్పాలి. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసేవాళ్ళకు పాము భయం ఎప్పుడూ ఉంటుంది. ఆ రోజుల్లోనూ అంతే. ఏ పాము కరిచినా జనం ప్రాణం పోయినట్టే అనుకునేవారు. అందుకని రస్సెల్ గారు విషమున్న పాములేవో, లేనివేవో తేల్చాలనుకున్నారు. కోళ్ళ మీద, కుక్కల మీద విషాన్ని పరీక్షించారు. పాము నోరు తెరిచి కోరలు చూశారు. ఆ పాముల పుస్తకం మొదటి భాగం 1796లో లండన్‌లో వెలువడింది.

ఆ పుస్తకంలో పాముల పేర్లు తెలుగులో ఉన్నాయి. రక్తపింజరకు ఆయన రాసుకున్న పేరు కాటుక రేకుల పొడ. ఒంటి మీద కాటుకతో దిద్దినట్టుండే మచ్చలను చూసి పెట్టిన పేరది. కవులు కూడా అంత చక్కగా పెట్టలేరేమో. బంగారు పాము అనే పేరు కూడా అందులో ఉంది. 1803లో దోదాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దాని నుంచే కట్లపాముల జాతికి బుంగారస్ అని పేరు పెట్టాడు. ప్రపంచంలో ఏ దేశంలో కట్లపాము గురించి చదివినా మన బంగారం అనే మాట పలకాల్సిందే.

రస్సెల్ గారి కాలంలో పాముకాటుకు నిజమైన మందు లేదు. విరుగుడు సీరం కనిపెట్టింది 1890లలో. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు ఇంజెక్షను నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటి విషానికీ పనిచేస్తుంది. తమ్ముళ్ళూ, సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఇది గుర్తుంచుకోండి. పాము కరిస్తే కోయకూడదు, నోటితో పీల్చకూడదు, మంత్రాలకు పొద్దు పోగొట్టకూడదు. కరిచిన కాలో చెయ్యో కదపకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

రెండు వందల చేపలు

ఇక మా అసలు కథ చేపలది. విశాఖపట్నం ఒడ్డున తెప్పల మీద వేట చేసి వచ్చినవాళ్ళు తెచ్చిన చేపల్లో కొత్త రకాలను రస్సెల్ గారు ఏరించేవారు. స్థానిక చిత్రకారుడి చేత బొమ్మ గీయించేవారు. ముళ్ళు లెక్కపెట్టి, రెక్కలు కొలిచి, రంగు రాసుకునేవారు. వాటితో పాటు ఆయన చేసిన ఇంకో పని వల్లనే ఈ వ్యాసం రాయగలుగుతున్నాం. ఈ చేపను మీరేమంటారు అని అడిగి, చెప్పిన మాటను చెవికి వినబడినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నారు.

ఆయన 1789లో ఇంగ్లండుకు తిరిగి వెళ్ళిపోయారు. చేపల పుస్తకం 1803లో రెండు సంపుటాలుగా వచ్చింది. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలూ, బొమ్మలూ అని దాని పేరుకు అర్థం. బొమ్మలకు మన పేర్లే ఉన్నాయి. పారిస్‌లో కూర్చుని ప్రపంచంలోని చేపలన్నింటినీ వర్గీకరించిన క్యువియర్ అనే మహా శాస్త్రవేత్త ఈ పుస్తకాన్ని ముందు పెట్టుకుని పనిచేశాడు. కొన్ని చేపలకు ఆయన కొత్త పేరు వెతకలేదు. రస్సెల్ గారి పుస్తకంలో ఉన్న మాటనే తీసుకున్నాడు. 1816లో కానగుర్త అలాగే శాస్త్రీయ నామం అయింది. 1829లో జెల్లో అనే పేరూ అలాగే ఎక్కింది. పలాసా అని ఒక పేరు కూడా ఉంది. అది చూసి మేమంతా మన పలాస పేరు పెట్టారని సంబరపడిపోయాం. తీరా చూస్తే అది పొలస చేప. గోదావరి వాళ్ళు పులస అని గొప్పగా చెప్పుకునేది అదే. మన పలాసకూ దానికీ చుట్టరికం లేదు. తర్వాత ఆ శాస్త్రీయ నామం కూడా వాడుకలోంచి పోయింది.

సొరల సంగతి

పుస్తకంలో మొదట వచ్చేవి మృదులాస్థి చేపలు. అంటే సొరలు, టేకులు. ఆయన రాసుకున్న పేర్లలో పాల సొర్ర ఉంది, బొకీ సొర్ర ఉంది, తిమ్మిరి, నల్ల తిమ్మిరి ఉన్నాయి. టెంకి అనే మాటతో ముగిసే టేకు చేపల పేర్లు చాలా ఉన్నాయి. ఈ గుంపు గురించి కొంచెం వివరంగా చెబుతాం. పరీక్షలకు కూడా పనికొస్తుంది.

సొరకు మనలాగా గట్టి ఎముకలు ఉండవు. చెవి డిప్పలో ఉండే మెత్తని మృదులాస్థితోనే దాని ఒళ్ళంతా కట్టుబడి ఉంటుంది. అందుకే ఒడ్డున సొరను కోసేటప్పుడు కత్తికి మిగతా చేపల్లా ముల్లు అడ్డం పడదు. కానగుర్తకు మొప్పల మీద మూత ఉంటుంది. సొరకు మూత ఉండదు, తలకు రెండు పక్కలా చీలికలు కనబడతాయి. చాలా సొరలకు అవి ఐదేసి. లోతు నీళ్ళలో తిరిగే కొన్ని పాతకాలపు రకాలకు ఆరు, ఏడు కూడా ఉంటాయి. సొర చర్మం మీద కనబడని చిన్న చిన్న పళ్ళలాంటి పొలుసులు ఉంటాయి. తల నుంచి తోకవైపు నిమిరితే నున్నగా ఉంటుంది, ఎదురు నిమిరితే గరుకు కాగితంలా గీసుకుంటుంది. నోట్లో పళ్ళు వరుసలు వరుసలుగా ఉండి, ముందుది ఊడితే వెనకది ముందుకొస్తుంది. మిగతా చేపలకు ఉండే గాలితిత్తి దీనికి లేదు. నూనెతో నిండిన పెద్ద కాలేయమే దాన్ని తేలికగా ఉంచుతుంది. ముట్టె మీద సన్నని రంధ్రాలుంటాయి. ఇసుకలో దాక్కున్న చేప ఒంట్లోంచి వచ్చే అతి చిన్న విద్యుత్తును కూడా వాటితో పసిగడుతుంది.

టేకులు సొరలకు దగ్గరి చుట్టాలు. సొరను నేలమీద అదిమి చదును చేసినట్టుంటాయి. వాటిలో ఒకటి తిమ్మిరి. దాన్ని తొక్కితే కాలు తిమ్మిరెక్కుతుంది. ఒంట్లో కరెంటు పుట్టించే అవయవం దానికి ఉంది. కరెంటు అంటే ఏమిటో ఇంకా ఎవరికీ సరిగా తెలియని రోజుల్లోనే మన జాలరులు ఆ చేప చేసే పనినే దానికి పేరుగా పెట్టారు. ఇంతకంటే మంచి శాస్త్రీయ నామం ఉంటుందా?

ఈ గుంపు ఎంత పాతదో వింటే ఆశ్చర్యం కలుగుతుంది. సొరలూ వాటి పూర్వీకులూ నలభై కోట్ల సంవత్సరాలకు పైగా సముద్రంలో ఉన్నాయి. భూమి మీద మొదటి అడవులు పెరగకముందే అవి ఈదుతున్నాయి. డైనోసార్లు వచ్చింది దాదాపు ఇరవై మూడు కోట్ల ఏళ్ళ కిందట, పోయింది ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట. వాటి రాకనూ, పోకనూ కూడా సొరలు చూశాయి. ఇప్పుడు సొరలు ఐదు వందలకు పైగా రకాలు, టేకులు ఆరు వందలకు పైగా రకాలు ఉన్నాయి. కొన్ని ఒడ్డు దగ్గర ఇసుక నేలమీద, కొన్ని ఏటి మొగల్లో, కొన్ని నడిసముద్రంలో, కొన్ని వెలుతురు చేరని లోతుల్లో బతుకుతాయి. రస్సెల్ గారికి ఆ లోతువి దొరకలేదు. తెప్పలకు, వలలకు అందినవే ఆయన చూశారు.

పాల సొర గురించి మన ఇళ్ళలో అమ్మలకు బాగా తెలుసు. బాలింతకు పాలు పడాలని సొర పుట్టు వండి పెడతారు. ఇంగ్లీషువాళ్ళు కూడా దాన్ని పాల సొర అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. తల్లికి పాలిచ్చే ఆ సొర కూడా ఒక తల్లే. అది గుడ్లు చల్లి పోయే చేప కాదు. దాదాపు ఏడాది పాటు పిల్లలను కడుపులో మోసి కంటుంది. ఒక కాన్పుకు పుట్టేవి సాధారణంగా రెండు నుంచి ఐదు పిల్లలు. కానగుర్త వేలకొద్దీ గుడ్లు పెట్టి ఏడాది రెండేళ్ళలోనే మళ్ళీ ఈడుకొస్తుంది. సొరకు ఆ వీలు లేదు. కొన్ని చిన్న సొరలు గుడ్లు పెట్టినా అవీ కొద్దిగానే పెడతాయి. అందుకే వలలో పడ్డ సొరల లోటు సముద్రంలో తొందరగా పూడదు.

నలభై కోట్ల ఏళ్ళు నెగ్గుకొచ్చిన జాతికి ఈ యాభై అరవై ఏళ్ళలో కష్టం వచ్చింది. రెక్కల వ్యాపారం, పెద్ద బోట్లు, సన్న కన్ను వలలు దీనికి కారణాలు. 2021లో శాస్త్రవేత్తలు ప్రపంచంలోని సొరలు, టేకులు అన్నింటినీ లెక్కగట్టి చూస్తే మూడో వంతుకు పైగా అంతరించే ప్రమాదంలో ఉన్నాయని తేలింది. మన దేశంలో 2001లో తిమింగల సొరను వన్యప్రాణి రక్షణ చట్టం కింద చేర్చారు. మనవాళ్ళు వేటకు వలసపోయే గుజరాత్‌లోని వెరావల్ వైపు అంతకుముందు దాన్ని పెద్ద ఎత్తున పట్టేవారు. అదే ఏడాది రంపపు ముట్టె ఉండే చేపలకు, మరికొన్ని సొరలకు, టేకులకు కూడా రక్షణ ఇచ్చారు. 2022లో చట్టాన్ని సవరించి ఇంకొన్నింటిని చేర్చారు.

ఇక్కడే పేరుకు విలువ తెలుస్తుంది. చట్టంలో చేపల పేర్లు లాటిన్‌లో ఉంటాయి. వల లాగేవాడికి తెలిసేది ఊరి పేరు. ఈ రెండింటికీ మధ్య వంతెన లేకపోతే తెలియక పట్టినవాడు నేరస్థుడవుతాడు, కాపాడాల్సిన చేప మిగలదు. రెండు వందల ఏళ్ళ కిందట రస్సెల్ గారు కట్టింది సరిగ్గా ఆ వంతెననే. 1839లో జర్మన్ శాస్త్రవేత్తలు ముల్లర్, హెన్లే ఇద్దరూ తోక కింద నల్ల మచ్చ ఉండే సొరకు సొర్రా అనే పేరు ఖాయం చేశారు. ఆ మాట మనకూ తమిళులకూ ఉమ్మడిది. 1849లో కాంటర్ అనే డాక్టరు ఒక చిన్న దయ్యపు టేకుకు రస్సెల్ గారి పుస్తకంలోని ఎరెగూడూ టెంకి అనే మాటతో పేరు పెట్టాడు. మధ్యలో అది వేరే జాతి కిందికి వస్తుందని ఆ పేరు పక్కన పెట్టారు. 2020లో మళ్ళీ పరిశీలించి అది వేరే జాతేనని తేల్చి, మొబులా ఎరెగూడూ అనే పేరును తిరిగి నిలబెట్టారు. విశాఖ ఒడ్డున ఎవరో జాలరి పలికిన మాట రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా ప్రపంచ శాస్త్రవేత్తల చర్చలో ఉంది.

చివరి రోజులు

లండన్ చేరాక రస్సెల్ గారు ఊరికే కూర్చోలేదు. ప్లేగు పుస్తకం పూర్తి చేశారు. అన్నగారు రాసిన అలెప్పో ప్రకృతి చరిత్రను పెంచి, సరిదిద్ది 1794లో మళ్ళీ వేయించారు. పాముల పుస్తకం, చేపల పుస్తకం అచ్చుకు సిద్ధం చేశారు. పెళ్ళి చేసుకోలేదు. 1805 జూలై 2న లండన్‌లో కన్నుమూశారు. పాముల పుస్తకం మిగతా భాగాలు కొన్ని ఆయన పోయాక కూడా వచ్చాయి. ఆయన పేరుతో ఒక పాము ఉంది. రస్సెల్ పేరుతోనే ఒక సముద్రపు చేప కూడా ఉంది. దానికి 1849లో బ్లీకర్ అనే డచ్చి శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు.

మాకు మిగిలిన ప్రశ్న

ఇంత గొప్ప జీవితాన్ని చదివి సంతోషించాం. చదువుతున్నప్పుడే ఒక చోట మనసు ఆగిపోయింది. చేప పట్టిన మనిషి పేరు ఏది? దాన్ని సొర అని, తిమ్మిరి అని, కాటుక రేకుల పొడ అని చెప్పిన మనిషి పేరు ఏది? అంత సన్నగా బొమ్మ గీసిన చిత్రకారుడి పేరు ఏది? రస్సెల్ గారి పేరు పాముకు ఉంది, చేపకు ఉంది. వాళ్ళ మాటలు మిగిలాయి, వాళ్ళు మిగల్లేదు. ఆ మాటలు ఇచ్చినవాళ్ళకు అక్షరం రాదు. అక్షరం వచ్చినవాడి చేతిలోనే కలం ఉంది.

రస్సెల్ గారిని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఆ కాలంలో మన మాట అడిగిన దొర ఆయన ఒక్కడే కాకపోవచ్చు. అడిగి, విని, దాచి, మన పేరుతోనే అచ్చు వేయించినవారు మాత్రం తక్కువ. ఆయనకు మనం రుణపడి ఉన్నాం. కానీ ఇప్పుడు కలం మన చేతికీ వచ్చింది. మన హాస్టల్ ఇచ్చిన అన్నం, దుప్పటి, ట్రంకు పెట్టె, పుస్తకం మన చేత అక్షరాలు దిద్దించాయి. మన తాతలకు లేనిది మనకు ఉంది.

మన జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని నిఘంటువు రాశారు. ఆయన పనీ రస్సెల్ గారి పనీ మొదలయ్యేది ఒక్క చోటే. చదువుకున్నవాడు చదువులేనివాడి ముందు కూర్చుని అడగాలి. అడగడానికి సిగ్గుపడకూడదు.

అందుకని మేము ఒక పని మొదలుపెట్టాం. ఈ వేసవిలో తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోట్ల వేట ఆపే 61 రోజుల్లో చాలా భాగం మన సెలవుల్లోనే పడుతుంది. అప్పుడు నాన్నలు, తాతలు ఒడ్డునే వలలు కుట్టుకుంటూ ఉంటారు. తలా ఒక నోటుపుస్తకం తీసుకుని వాళ్ళ పక్కన కూర్చుంటాం. భావనపాడు నుంచి బారువ దాకా ఏ ఊళ్ళో ఏ చేపను ఏమంటారు, ఏ సొర ఏ నెలలో వస్తుంది, చిన్నప్పుడు ఏవి పడేవి, ఇప్పుడు ఏవి పడటం లేదు అన్నీ రాస్తాం. ఒడ్డు లేని ఊళ్ళవాళ్ళు మొక్కల పేర్లు, పిట్టల పేర్లు, పాముల పేర్లు రాయవచ్చు. ఒక్క నియమం మాత్రం పెట్టుకున్నాం. ప్రతి మాట కిందా అది చెప్పిన మనిషి పేరు, వాళ్ళు ఒప్పుకుంటే, తప్పకుండా రాయాలి.

హాస్టల్‌లో చదివి వెళ్ళిన అన్నయ్యలందరికీ మా విన్నపం ఇదే. మీకు తెలిసిన పేర్లు, మీ అమ్మానాన్నలు వాడే పేర్లు రాసి పంపండి. వచ్చే సంచికలో అన్నింటినీ కలిపి వేస్తాం. బొమ్మలు గీయగల తమ్ముళ్ళు మన హాస్టల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళ బొమ్మ కింద వాళ్ళ పేరు కూడా ఉంటుంది.

ఆ రోజు రికార్డు పుస్తకం చూసి లేచి నిలబడ్డ మావాడు ఇంటికి వెళ్ళినప్పుడు వాళ్ళమ్మకు ఈ సంగతి చెప్పాడట. కానగుర్త పేరు లాటిన్‌లో కూడా అదేనని చెబితే ఆవిడ నవ్వి, మరి ఇంకేమంటారు దాన్ని అన్నట్టు చూసిందట. ఆవిడకు అందులో వింత ఏమీ లేదు. మా నోటుపుస్తకంలో మొదటి పేజీ ఆవిడ పేరుతోనే మొదలవుతుంది.